కంపకు ఇవతలి బడి

మా మేనత్త లక్ష్మీదేవమ్మకు ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. తనే ఒకటి కట్టుకుంది. ఈ మాట ఎక్కడ చెప్పినా ఎవరో ఒకరు మూతి విరుస్తారు, మీ వాళ్ళ గొప్ప మీరే చెప్పుకోవాలి అంటారు. విరవనీండి. ఆ ఉద్యోగం దక్కిన రోజు సంగతి నేను ఆమె నోటా విన్నాను, ఆమె బడి పెట్టిన పల్లెవాళ్ళ నోటా విన్నాను. అందరూ ఒకటే చెప్పారు.

ధర్మవరంలో మాది పట్టుచీరల మగ్గం. మా తాత శ్రీరంగప్ప మగ్గం గుంటలో కూర్చుంటే ఇంటిల్లిపాదీ ఆ మగ్గానికే చాకిరీ చేయాలి. అత్తకు చిన్నప్పుడే పెళ్ళి చేశారు. ఏడాది తిరక్కుండా మొగుడు విషజ్వరంతో పోయాడు. పుట్టింటికొచ్చిన పిల్ల ఇక మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టుకుంటూ బతుకుతుందిలే అని అందరూ అనుకున్నారు. ఆమె మాత్రం ఎనిమిదో తరగతి పరీక్షకు కట్టి పాసై, అనంతపురంలో ఆడవాళ్ళ ట్రైనింగు స్కూల్లో చేరి, చదువు ముగించుకుని సర్టిఫికెట్టుతో ఇంటికొచ్చింది. తాత ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నలగకుండా పెట్టెలో పెట్టి, "సరే, ఇంగ కండెలు సుట్టుపో" అన్నాడట.

అత్త కండెలు చుడుతూనే అర్జీలు పెట్టింది. జిల్లా బోర్డుకు పెట్టింది, మునిసిపాలిటీకి పెట్టింది, మిషను బడులకు పెట్టింది. కొన్నిటికి జవాబు రాలేదు. వచ్చినవాటిలో ఖాళీలు లేవని ఉండేది. ఒక బోర్డు మెంబరు ఇంటికి పోతే ఆయన అత్త ముఖం కూడా చూడకుండా, మగవాళ్ళకే దిక్కు లేదు, నీకెక్కడ తెచ్చేది అన్నాడు. ఇలా ఏడాది గడిచింది. తాతకు ఓపిక పోయింది.

"దీపావళి దాకా సూస్తా. అప్పటికి ఉద్యోగం వస్తే పో. రాకపోతే మళ్ళా ఆ మాట ఎత్తగూడదు. ఈడ పని చేసేకి మనుషుల్లేరు" అన్నాడు తాత.

"సరే నాయనా" అంది అత్త. ఆమె సరే అంటే సరే అన్నట్టే. అందుకే భయపడింది కూడా.

దారి చూపించినవాడు అనంతపురం విద్యాశాఖ ఆఫీసులో జయరాముడనే గుమాస్తా. చూపిద్దామని చూపించలేదు, వదిలించుకుందామని నోరు జారాడు. "ఉండే బడిలో చోటు లేదమ్మా. బడి లేని పల్లె ఏదన్నా చూసుకుని నువ్వే ఒకటి పెట్టుకో. ఇరవై మంది పిల్లోళ్ళని కూర్చోబెట్టు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి ఒప్పుకుంటే బడికి గుర్తింపు ఇస్తారు, నీకు గ్రాంటు కింద జీతం వస్తుంది. మగవాళ్ళు కొందరు అట్లే చేస్తాండారు" అన్నాడు.

అత్త అక్కడే నిలబడింది.

"ఇంకేమమ్మా?"

"బడి లేని పల్లెల పేర్లు చెప్పండి. రాసుకుంటా."

యాభై ఏడో సంవత్సరంలో కళ్యాణదుర్గం చుట్టుపక్కల బడి లేని పల్లెలకు కొదవ లేదు. అత్త ఎండలో తిరిగింది. ఒక పల్లెలో మగ అయ్యవారు అయితేనే రానిస్తామన్నారు. ఇంకో పల్లెలో, మొగుడు పోయిన మనిషి పొద్దున్నే ఎదురొస్తే ఎట్లా అని చాటుగా అనుకోవడం ఆమె చెవిన పడింది. ఆ మాట నాకు చెప్పినప్పుడు అరవై దాటిన వయసులో కూడా ఆమె ముక్కుపుటాలు అదిరాయి. చివరికి ఎర్రబండపల్లె చేరింది. అక్కడ ఊరి పెద్ద తిప్పన్న రచ్చబండ మీద కూర్చుని ఆమె చెప్పిందంతా విన్నాడు.

"వాన లేని ఊరికి బడి యాందుకమ్మా? పిల్లోళ్ళు బడికొస్తే గొర్రెల్ని ఎవరు కాస్తారు, కపిల కాడ ఎవరు నిలబడతారు?" అన్నాడు.

బావిలోంచి ఎద్దులతో తోలుసంచి లాగించి నీళ్ళు తోడేదాన్ని మా వైపు కపిల అంటారు. పెద్దవాళ్ళు ఎద్దుల్ని తోలుతుంటే పిల్లలు మడికి నీళ్ళు కట్టాలి.

తిప్పన్నకు ఒక అక్క ఉంది. ఊరికంతా పెద్దక్కే ఆమె. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఊరంత. "పని లేనప్పుడే సెప్తుందిలేరా. నీ సొమ్మేం పోతాది? మా కొట్టంలో సగం ఖాళీగా ఉండాది, ఆడ కూర్చోపెట్టుకుంటాది" అని తేల్చేసింది. తమ్ముడు అక్క మాట కాదనలేక, "పెట్టుకోమ్మా. మేం పిల్లోళ్ళని పంపము, వస్తే ఆపము" అన్నాడు. ఆ రోజు నుంచే ఎడ్ల కొట్టంలో సగం బడి అయింది. పల్లెవాళ్ళు అత్తను అయ్యవారమ్మా అని పిలవసాగారు. పిలుపు దొరికింది గాని పిల్లలు దొరకలేదు.

అత్త పిల్లల కోసం బావుల దగ్గరికి పోయింది, గొర్రెల మందల దగ్గరికి పోయింది. ఊరి చివర కూలి చేసుకునే క్రైస్తవుల ఇళ్ళ నుంచి మొదట వచ్చారు. వాళ్ళను చూసి కొందరు పెద్ద రైతులు తమ పిల్లల్ని మానిపించారు. అత్త ఆ రైతుల ఇళ్ళకు పోయి గడపలో కూర్చుని, పిల్లను పంపేదాకా లేవనని మొండికేసింది. ఇంత చేసినా మామూలు రోజుల్లో కొట్టం సగమే నిండేది. సోమవారం మాత్రం కిటకిటలాడేది. ఆ పల్లెలో సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. అది బసవన్న దినం. కపిల ఆడదు, సేద్యం సాగదు. పిల్లలకు చేసే పని ఉండదు. అత్త ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకుంది.

వర్షాకాలం సగం పోయాక డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గంగాధరప్ప కళ్యాణదుర్గంలో క్యాంపు వేశాడు. అత్త పోయి అర్జీ ఇచ్చింది. ఆయన ముక్కుసూటి మనిషి. అంతకుముందే ఒక పల్లెలో బడి పెట్టినవాడు పక్క ఊరి పిల్లల్ని బండి మీద తెచ్చి చూపించి ఆయన్ను బోల్తా కొట్టించాడు. అప్పటినుంచి కొత్త బడి అంటే ఆయనకు ఒళ్ళుమంట.

"నేను పోయిన ప్రతి పల్లెలోనూ ఒకటే పాట. ఈ రోజు జాతరండీ, ఈ రోజు కోతలండీ అంటారు. అందుకని రోజు నువ్వే చెప్పు. ఆ రోజే వస్తాను. గది చూస్తాను, రిజిస్టరు చూస్తాను, ఆ ఊరి పిల్లల్నే ఇరవై మందిని చూస్తాను. ఏది లేకపోయినా అర్జీ కొట్టేస్తాను. సాకులు వినను" అన్నాడు.

"వచ్చే వారం గాకుండా ఆ పై సోమవారం రండి" అంది అత్త, ఏ మాత్రం తడుముకోకుండా. తన తెలివికి తనే మురిసిపోతూ ఊరికి నడిచిందట.

అయితే తెలివి ఆమె ఒక్కతె సొత్తు కాదు గదా. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. సజ్జ పైరు మొలకలోనే మాడింది. బావుల్లో నీళ్ళు అడుక్కు దిగాయి. అంత కష్టం వచ్చినప్పుడు ఎర్రబండపల్లెవాళ్ళు ఒక రోజు ఊరు విడుస్తారు. పొద్దు పొడవకముందే ముసలీముతకా, పసిబిడ్డలు, గొడ్డూగోదా అందరూ ఊరు దాటి చింతతోపులోకి పోవాలి. దారులన్నిటికీ ముళ్ళకంప అడ్డం వేస్తారు. పొద్దు కుంకేదాకా ఊళ్ళో పొయ్యి వెలగకూడదు, అడుగు పడకూడదు. వంటలన్నీ తోపులోనే. తోపు చుట్టూ బూడిదతో గీత గీస్తారు. ఆ రోజు గీత లోపలే ఊరు. పరాయి ఊరి మనిషి అందులో అడుగుపెడితే కీడు. సాయంత్రం కంప తీసి, తోపులోంచి దీపం తెచ్చి, మొదట తిప్పన్న ఇంట్లో పెడతారు. ఆ తర్వాతే తక్కిన ఇళ్ళకు.

శనివారం సాయంత్రం తలారి వెంకటప్ప తప్పెట కొట్టి చాటాడు. ఎల్లుండి సోమవారం ఊరు విడిచేది. సోమవారమే ఎందుకంటారా? ఆ రోజు ఎట్లాగూ కపిల ఆడదు. ఉన్న నాలుగు చేదల నీళ్ళు తోడుకునే పని చెడదు. అత్త ఏ లెక్కతో ఆ రోజు పెట్టిందో పెద్దలూ అదే లెక్కతో పెట్టారు. పరాయి ఊరి నుంచి వచ్చిన మనిషి, ఊళ్ళో ఎవరినీ ఒక మాట అడక్కుండా రోజు చెప్పేసి వచ్చింది.

అత్త తిప్పన్న ఇంటికి పరుగెత్తింది. "మంగళవారం పెట్టుకోండి తిప్పన్నా, మీకు పుణ్యముంటాది."

"మంగళారం కపిల తోలల్ల గదమ్మా. ఉండే రాగిమళ్ళు గూడా ఎండిపోతే ఏం తినేది? నీ ఇన్‌స్పెక్టరునే ఇంగో దినం రమ్మను."

రమ్మనడానికి దారి లేదు. గంగాధరప్ప అప్పటికి మడకశిర వైపు పోయాడు. సోమవారం పొద్దున బస్సుకు నేరుగా ఈ రోడ్డు మీదే దిగుతాడు.

"పోనీ, బోర్డూ పలకలూ రిజిస్టరూ తోపులోకి తీసకపోతా."

"వంటసామాను తప్ప ఇంగేదీ గీత దాటగూడదు. సామాను మోసుకుని పోతే వలస పోయినట్టే. ఊరు మళ్ళా నిలబడదు" అంది పెద్దక్క. ఎప్పుడూ అత్త పక్షాన మాట్లాడే పెద్దక్కే ఆ మాట అంది. అత్త ఆ రాత్రి ఏడ్చింది. ఏడ్చాననే నాతో చెప్పింది, దాచలేదు. ధర్మవరం మగ్గం, కండెలు, దీపావళి అన్నీ కళ్ళముందు తిరిగాయట. పొద్దున లేచి ముఖం కడుక్కుని ఊళ్ళో ప్రతి ఇంటికీ పోయి ఒక్కటే మాట చెప్పింది. "సోమవారం మీ పిల్లోళ్ళకు తల దువ్వి, తోపులో నాకు కనబడేట్టు ఉంచండి. ఇంకేం అడగను."

సోమవారం ఎండ ముదిరేవేళకు గంగాధరప్ప బస్సు దిగి నడిచి వచ్చాడు. ఊరి దారిలో నిలువెత్తు కంప. లోపల కుక్క కూడా అరవడం లేదు. తోపులో మాత్రం పొయ్యిల పొగలు. వెంకటప్ప కర్ర అడ్డం పెట్టి ఆయన్ను బూడిద గీత దగ్గరే ఆపేశాడు.

"ఆడనే నిలబడండి సామీ. లోపలికి రాగూడదు."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు సామీ. అయినా రాగూడదు."

అత్త ఇప్పుడు ఆ ఊళ్ళో ఉండే మనిషే గనక గీత లోపలే ఉంది, అక్కడి నుంచే నమస్కారం పెట్టింది. ఆయన ముఖం కందగడ్డ అయింది.

"బడి ఎక్కడమ్మా?"

"ఊళ్ళో ఉండాదండి."

"రిజిస్టరు?"

"అదీ ఊళ్ళోనే. పొద్దు కుంకేదాకా తెచ్చేకి లేదు."

"బాగుంది. ఇందుకేనా నన్ను ఇంత దూరం నడిపించింది? సాకులు చెప్పొద్దని ముందే చెప్పాను."

"నేనేం సాకు చెప్పలేదండి. మీరు పిల్లోళ్ళని చూస్తానన్నారు. చూడండి."

ఆమె చప్పట్లు కొట్టింది. పొయ్యిల మధ్య నుంచి, చెట్ల వెనక నుంచి పిల్లలు వచ్చి గీత వెంబడి వరసగా కూర్చున్నారు. కొట్టంలో కూర్చున్నట్టే, రైతుల పిల్లలూ కూలివాళ్ళ పిల్లలూ కలిసిపోయి. ఇరవై కన్నా ఎక్కువే ఉన్నారు. గంగాధరప్ప కళ్ళలో అనుమానం ఇంకా పోలేదు.

"ఇంతమంది జనంలో ఎవరు ఏ ఊరి పిల్లలో ఎవరికి తెలుసు?"

వెంకటప్పకు రోషం వచ్చింది. "పరాయి ఊరోళ్ళని రానిచ్చేదుంటే మిమ్మల్నే రానిస్తాం గద సామీ, ఎండలో ఎందుకు నిలబెడ్తాం?"

గంగాధరప్ప ఒక్క క్షణం తలారి వంక చూశాడు. నవ్వాపుకున్నట్టున్నాడు. మొదటి పిల్లవాణ్ణి అడిగాడు. "నీ పేరేంది?"

"కుళ్ళాయప్ప."

"పో, మీ అమ్మ పొయ్యి ఏదో దాని దగ్గర నిలబడు."

వాడు తుర్రున పోయి తల్లి పక్కన నిలబడ్డాడు. తల్లి గరిటె పట్టుకునే వాడి ముక్కు తుడిచింది. ఇలా ఒక్కొక్క పేరూ అడిగి ఒక్కొక్కరినీ పొయ్యి దగ్గరికి పంపాడు. ఏ పిల్లా తడబడలేదు, పొయ్యి లేని పిల్ల ఒక్కరూ మిగల్లేదు. ఆ రోజు తప్ప ఇంకే రోజూ ఆయనకు ఇంత నమ్మకమైన హాజరు దొరికేది కాదు.

తర్వాత చదువు పరీక్ష. పలకలు లేవు గనక అత్త వాళ్ళచేత తోపులోనే ఎండిపోయి ఉన్న వాగు ఇసుక తెప్పించి నేల మీద పరిపించింది. పిల్లలు వేళ్ళతో రాశారు. ఆయన గీత అవతల గొంతుక్కూర్చుని తల వంచి చదివాడు. ఒకడు తీసివేత లెక్క తప్పు చేశాడు. అత్త నోరు విప్పలేదు. వాడే తల గోక్కుని, చెరిపి, మళ్ళీ చేసి సరిచేసుకున్నాడు. ఈలోపల వంటలు మాని ఊరు ఊరంతా చుట్టూ మూగింది. ఎవరి పొయ్యి మీదో సంగటి మాడిన వాసన కూడా వచ్చింది. బడి పెట్టి అన్ని నెలలైనా ఆ తల్లిదండ్రుల్లో ఒక్కరూ తమ పిల్లలు ఏం చదువుతున్నారో చూసినవాళ్ళు కాదు. పగలంతా పొలాల్లోనే గదా.

గంగాధరప్ప చంకలోని పేపరు విప్పి గీత అవతలి నుంచే ఎత్తి పట్టుకున్నాడు. "ఎవరన్నా చదువుతారా?"

తిప్పన్న మనవరాలు ఓబమ్మ లేచింది. గీత దాటకుండా మెడ చాచి, కూడబలుక్కుంటూ చదివింది. "కాలువకు... నీళ్ళు... వదిలారు."

తోపులో గగ్గోలు పుట్టింది. "నీళ్ళంట! యాడ? ఏ కాలువకి?" తిప్పన్న జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"మళ్ళా సదువు పాపా" అన్నాడు.

ఆ పిల్ల మళ్ళీ చదివింది. కింద చిన్న అక్షరాలు కూడా చదివింది. కాలువ ఎక్కడో దూరాన ఉంది, ఎర్రబండపల్లెకు దాని వల్ల చుక్క రాదు. అయినా తిప్పన్న మనవరాలి నోటి వంకే చూస్తూ చివరిదాకా విన్నాడు. అయిపోయాక పోయి చెట్టు కింద కూర్చున్నాడు.

"పిల్లల సంగతి సరే. గదీ రిజిస్టరూ చూడకుండా నేను ఏమీ రాయలేను. నా బస్సు సాయంత్రం ముందే వస్తుంది" అన్నాడు గంగాధరప్ప.

"రేపు గూడా బస్సు ఉండాదండి. మీరు ఉండండి."

"ఉండాలా?"

"అవునండి. ఈ రోజు మీరు పోతే నా బడి ముగిసినట్టే. నేను మిమ్మల్ని పోనీయను." ఇన్‌స్పెక్టరుతో అట్లా మాట్లాడవచ్చా అని నేనడిగితే, "నాకు అప్పుడు వేరే మాట రాలేదు" అంది అత్త.

ఆయన ఊరి దారినీ రోడ్డునూ చూసి, గీత అవతల ఒక రాయి మీద తుండు పరుచుకుని కూర్చున్నాడు. లోపలి నుంచి బయటికి ఇవ్వడానికి అడ్డు లేదు గనక పెద్దక్క సంగటి ముద్ద, పులుసు గీత మీదుగా అందించింది. ఆయన రెండో ముద్ద కూడా అడిగాడు.

పొద్దు కుంకింది. కంప తీశారు. తోపులో వెలిగించిన దీపాన్ని గాలికి ఆరిపోకుండా అరచేయి అడ్డం పెట్టుకుని తిప్పన్న ముందు నడిచాడు, వెనక ఊరంతా. అప్పటికే చీకట్లు ముసురుకుంటున్నాయి. తిప్పన్న తన ఇంటి గడప ముందు ఆగాల్సింది, ఆగలేదు.

"యాడికి పోతాండావ్ రా?" అంది పెద్దక్క.

"బడికి. ఆయప్ప చీకట్లో రిజిస్టరు ఎట్ల సూస్తాడు?"

"ముందు మనింట్లో పెట్టల్ల గదా?"

"ఈ తూరికి ముందు ఆడ పెడ్తాం లేక్కా."

పెద్దక్క పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. తిప్పన్న దీపాన్ని కొట్టంలోకి తీసుకుపోయి అత్త బోర్డు పక్కన గూట్లో పెట్టాడు. ఊరంతా చీకట్లో ఉంది, ఆ కొట్టంలో ఒక్క చోటే వెలుతురు. గంగాధరప్ప వంగి లోపలికొచ్చి, గది చూసి, రిజిస్టరు చూసి, అక్కడే నేల మీద కూర్చుని తన నివేదిక రాశాడు. గుర్తింపు ఇవ్వవచ్చు అని చివర రాసి, పైకి చదివి వినిపించాడు. అత్త గోడకు ఆనుకుని అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది.

వాన సంగతి అడుగుతారేమో. రాలేదు. ఉత్తర్వు మాత్రం దీపావళికి ముందే వచ్చింది. తర్వాతి ఏళ్ళలో పంచాయతీ సమితి ఆ బడిని తీసుకుంది. రాప్తాడు దగ్గర మంచి బడికి బదిలీ చేస్తామంటే అత్త పోలేదు. అరవైల్లో కరువు వచ్చి మళ్ళీ ఊరు విడిచినప్పుడు కూడా మొదటి దీపం బడికే తెచ్చారు. ఆసారి ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఆ రాత్రి మాత్రం, ఏడుస్తున్న అత్త దగ్గరికి పెద్దక్క వచ్చి భుజం పట్టుకుని కుదిపింది. "సాల్లే అయ్యవారమ్మా, పండుకోపో. రేపు మంగళారం. కపిల ఆడతాది, పిల్లోళ్ళు బావుల కాడికి పోతారు. పొద్దున్నే పోయి పట్టకచ్చుకోవల్ల నువ్వు."

అత్త తెల్లవారకముందే లేచి బావుల దగ్గరికి పోయింది. మొదటి బావి దగ్గర తిప్పన్న ఎద్దుల్ని కడుతున్నాడు. మడికి నీళ్ళు కట్టే పార కూడా తన పక్కనే పెట్టుకున్నాడు, మనవరాలు చేసే ఆ పని కూడా ఈ రోజు తనే చేసుకోవడానికి. ఓబమ్మ తల దువ్వుకుని గట్టు మీద కూర్చుని అత్త కోసం చూస్తోంది.